వేపపప్పు, క్వార్ట్జ్ ముక్క: నిలకడ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. సైన్స్ ఫెయిర్‌కి మీలో కొందరు వేపతో పురుగుల మందు చేస్తామన్నారు, కొందరు సెకనుకోసారి దీపం వెలిగే గడియారం సర్క్యూటు కడతామన్నారు. రెంటికీ పొంతన లేనట్టు కనిపిస్తుంది కానీ, రెండింటిలోనూ కష్టమైన పని ఒక్కటే. ధాన్యం గాదెలో వేపాకు వేసిన ప్రతి ఇంటికీ వేపంటే పురుగుకు పడదని తెలుసు. క్వార్ట్జ్ అనే స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే చూపించారు. తెలిసిన ఆ గుణం రేపూ ఎల్లుండీ అంతే బలంగా, అంతే కచ్చితంగా పనిచేసేలా చూడటానికే ఆవిష్కర్తలకు ఏళ్లు పట్టింది.

ముందు వేప సంగతి చూద్దాం. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన తోటివారు వేపగింజల పొడిని నీళ్లలో కలిపి పైరు మీద చల్లి చూశారు. మిడతలు వాలాయి గానీ ఆ ఆకుని తినలేదు. ఆ పని చేసే పదార్థాన్ని 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ వేరుచేశారు. దాని పేరు అజాడిరాక్టిన్. ప్రయోగశాలలో దాన్ని మొదట్నుంచీ తయారుచేయడం 2007 వరకు ఎవరికీ చేతకాలేదు. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం సాధించింది, అందుకు వాళ్లకు 22 ఏళ్లు పట్టింది. ఇప్పటికీ మందు కావాలంటే గింజ దగ్గరికే వెళ్లాలి. అదీ పెంకులో కాదు, లోపలి పప్పులో. ఆకులో అజాడిరాక్టిన్ చాలా తక్కువ, అందుకే ఆకురసంతో చేసే ప్రాజెక్టులు చాలావరకు చప్పబడిపోతాయి.

5 శాతం కషాయం ఇలా చేయండి. ఎండాకాలం చివర్లో రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో ఆరబెట్టండి. ఎండలో పోస్తే బలం పోతుంది. తడి ఉండగానే పాలిథీన్ సంచిలో కడితే బూజు పడుతుంది, బూజు పట్టిన గింజ పనికిరాదు. గోనెసంచిలో గాలి తగిలేచోట ఉంచాలి. ఏడాది దాటిన గింజలు వాడొద్దు. పెంకు తీసిన పప్పు 50 గ్రాములు తూచి, నూనె బయటికి రాకుండా బరకగా దంచండి. మిక్సీలో ఆపకుండా తిప్పితే వేడెక్కి ముద్దవుతుంది. పొడిని పలచటి గుడ్డలో మూటకట్టి అర లీటరు చన్నీళ్లలో 12 గంటలు నానబెట్టండి. త్వరగా అవుతుందని వేడినీళ్లు పోయొద్దు, వేడికి అజాడిరాక్టిన్ విరిగిపోతుంది. తర్వాత మూటను అదే నీళ్లలో పదేపదే పిండండి. పాలలా తెల్లగా దిగుతుంది. తెలుపు రావడం ఆగాక రెండు మడతల గుడ్డలో వడకట్టి, నీళ్లు పోసి మొత్తం ఒక లీటరు చేయండి.

సబ్బు 2 గ్రాములు. దాన్ని విడిగా కొద్ది నీళ్లలో కరిగించి, చల్లే ముందు మాత్రమే కలపాలి. సబ్బు లేకపోతే కషాయం ఆకు మీద నిలవక ముత్యాల్లా జారిపోతుంది. ముందే కలిపి ఉంచితే సబ్బులోని క్షారానికి అజాడిరాక్టిన్ చెడుతుంది. ఎక్కువ వేస్తే ఆకు అంచులు మాడతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు విరిగి తెట్టు కడుతుంది, అలాంటిచోట వాననీళ్లు పట్టి వాడండి. సాయంత్రం ఆకు అడుగున కూడా తడిసేలా చల్లండి. మిగిలింది రేపటికి దాచొద్దు. స్ప్రేయర్ మూతి మూసుకుపోతే తప్పు వడకట్టడంలోనే ఉందనుకోండి.

చల్లిన మర్నాడు పురుగులు చచ్చిపడలేదని చాలామంది నిరాశపడతారు. ఇది విషంలా వెంటనే చంపదు. పురుగు తిండి మానేస్తుంది, చిన్న పురుగు కుబుసం విడవలేక ఆగిపోతుంది. బాగా ఎదిగిన లద్దెపురుగు మీద దీని ప్రభావం తక్కువ. గుడ్లు పగిలి పిల్లపురుగులు బయటికొచ్చే సమయం చూసి కొట్టాలి, వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి. పాల్వంచ దగ్గరి పునుకుల ఊరి రైతులు పురుగుమందులు పూర్తిగా మానేసినప్పుడు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం లాంటివాటితోనే పత్తిని కాపాడుకున్నారు. రోజూ చేలో తిరిగి గుడ్లను గమనించే అలవాటు వాళ్లకు కషాయమంత అండగా నిలిచింది.

ఇక ఆవిష్కరణ దగ్గరికి వద్దాం. ఇంట్లో చేసిన కషాయం ఒక పూట మందు. దాన్ని సీసాలో పోసి దుకాణంలో నెలల తరబడి ఉంచాలంటే ఎలా? అమెరికాలో కలప దిగుమతి చేసుకునే రాబర్ట్ లార్సన్ ఆల్కహాల్‌తో సారం తీసి, ఆమ్లగుణాన్ని ఒక హద్దులో నిలిపి, చెడకుండా ఉండే మందు చేశారు. దానికి 1985లో అక్కడ పేటెంటు, అంటే ఆవిష్కర్తకు మాత్రమే దక్కే హక్కు, వచ్చింది. ఇంకో పేటెంటు గురించి మీరు తప్పకుండా వినుంటారు, చాలామంది దాన్ని తప్పుగా చెబుతారు. డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి 1994లో యూరప్ పేటెంటు కార్యాలయం ఇచ్చింది చెట్టుమీద హక్కు కాదు, పురుగుల మందుమీద కూడా కాదు. వేపనూనెతో మొక్కలకు పట్టే బూజు తెగుళ్లను ఆపే పద్ధతిమీద. మన దేశపు పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, బెల్జియం రాజకీయ నాయకురాలు మాగ్దా ఏల్వూట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అభ్యంతరం పెట్టారు. అది భారతదేశంలో ముందే వాడుకలో ఉందని రుజువులు చూపడంతో 2000లో పేటెంటు రద్దయింది, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు.

మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానాన్ని ఆవిష్కరణగా లెక్కించరు. 3(ఇ) ప్రకారం రెండు మూడు వస్తువుల్ని ఊరికే కలిపితే, వాటి గుణాల కూడిక తప్ప కొత్తదేమీ రాకపోతే అదీ ఆవిష్కరణ కాదు. కాబట్టి వేప, తులసి, వావిలి కలిపి ‘కొత్త మందు’ అని బోర్డు మీద రాసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: కలపడంవల్ల విడివిడిగా లేని ఏ గుణం వచ్చింది? దానికి కొలత చూపించగలగాలి.

దోమల విషయంలో నిలకడకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ నిమ్మవాసన వచ్చే జామాయిల్ రకం. దాని నూనె, సిట్రోనెల్లా నూనె లాగే, ఒంటిమీద నుంచి త్వరగా ఆవిరై పోతుంది. చైనా శాస్త్రవేత్తలు ఆ నూనె తీశాక మిగిలిన మడ్డిని పరీక్షించారు. నూనె కన్నా ఆ మడ్డే ఎక్కువసేపు దోమల్ని దూరంగా ఉంచింది. అందులోని పీఎండీ అనే పదార్థం బరువైనది, నెమ్మదిగా ఆవిరవుతుంది. పారబోసే దాంట్లో విలువైనది దొరికింది. దాన్ని కూడా 3 ఏళ్లలోపు పిల్లలకు పూయకూడదు. మీరు ఇంట్లో కలిపిన ఏ నూనెనూ తమ్ముళ్ల, చెల్లెళ్ల ఒంటికి రాసి చూడొద్దు. వేపనూనె, కర్పూరం చిన్నపిల్లల నోట్లోకి పోతే ప్రమాదం.

మీ పరీక్ష ఆముదం ఆకుమీద చేయండి. ఒక ఆకుకు తాజా కషాయం, ఒక ఆకుకు ఉత్త సబ్బునీళ్లు, ఒక ఆకుకు కషాయం పూసి రెండు రోజులు ఎండలో ఉంచినది. సబ్బునీళ్ల ఆకు లేకపోతే పురుగు దూరమైంది వేపకా, సబ్బుకా అన్నది తేలదు. ఒక్కో డబ్బాలో 10 చిన్న పొగాకు లద్దె పురుగులు వదిలి, 24 గంటల తర్వాత ఆకును గ్రాఫు కాగితం మీద పెట్టి తిన్న గళ్లు లెక్కపెట్టండి. మూడో ఆకు చెప్పే సంగతే మీ ప్రాజెక్టుకు ప్రాణం.

ఇప్పుడు గడియారం. చాలామంది 555 అనే టైమర్ ఐసీతో (చిప్పుతో) మొదలుపెడతారు. 1 కిలోఓమ్, 72 కిలోఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే లెక్క ప్రకారం దాదాపు ఒక సెకను వస్తుంది. కానీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద రాసిన విలువే 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) తిప్పి సరిచేసినా, వేడికి, వయసుకు మళ్లీ జారుతుంది. ఒక్క శాతం తప్పంటే రోజుకు 864 సెకన్లు, 14 నిమిషాల పైమాట. 555 మంచి ఐసీయే, కానీ ఇది దాని పని కాదు.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో వారెన్ మారిసన్ 1927లో మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు. సీకో కంపెనీ ఆస్ట్రాన్ పేరుతో 1969 డిసెంబర్ 25న దాన్ని చేతి గడియారంగా అమ్మకానికి పెట్టింది. అందులోని స్ఫటికం సెకనుకు 8,192 సార్లు కంపించేది. నేటి గడియారాల్లో అది 32,768. ఆ అంకె ఎందుకంటే, 2ను 15 సార్లు హెచ్చిస్తే వచ్చేది అదే. సగం చేసే మెట్లు 15 ఉంటే సెకనుకు సరిగ్గా ఒకటి మిగులుతుంది.

సీడీ4060 అనే ఐసీలో అలా సగం చేసే మెట్లు 14 ఉన్నాయి. 10, 11 పిన్నుల మధ్య 10 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టండి. స్ఫటికం ఒక కాలు 11వ పిన్నుకు నేరుగా, రెండోది 330 కిలోఓమ్ ద్వారా 10వ పిన్నుకు. స్ఫటికం రెండు కాళ్ల నుంచీ గ్రౌండుకు చెరో 22 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్. 330 కిలోఓమ్ మానేస్తే ఫోర్కు ఆకారంలో సన్నగా కోసిన స్ఫటికం మీద ఒత్తిడి ఎక్కువై అది చెడిపోవచ్చు. 12వ పిన్ను, 8వ పిన్ను గ్రౌండుకు, 16వది 5 వోల్టులకు. 8, 16ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఐసీకి ఆనుకుని ఉండాలి. 3వ పిన్నులో సెకనుకు రెండు పల్సులు వస్తాయి. రెండేసి వెలుగుతోందని కంగారుపడొద్దు, 15వ మెట్టు ఇంకా మిగిలుంది.

ఆ మెట్టుకు సీడీ4013 అనే ఇంకో ఐసీ. 4060లోని 3వ పిన్నును దీని 3వ పిన్నుకు ఇవ్వండి. 2వ పిన్నును 5వ పిన్నుకు కలపండి. 4, 6, 7 గ్రౌండుకు, 14 ఐదు వోల్టులకు. వాడని రెండో సగం తాలూకు 8, 9, 10, 11 కూడా గ్రౌండుకే. వదిలేస్తే అవి గాల్లోని కరెంటు గోలను పట్టి పిచ్చిపిచ్చిగా తిరుగుతాయి, ఐసీ ఊరికే కరెంటు తింటుంది. 1వ పిన్ను నుంచి 10 కిలోఓమ్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, ఎమిటర్ గ్రౌండుకు, కలెక్టర్‌కు 5 వోల్టుల నుంచి 470 ఓమ్‌లతో ఎల్ఈడీ. అర సెకను వెలిగి అర సెకను ఆరుతుంది.

పనిచేయకపోతే ముందు 4060లోని 12వ పిన్ను చూడండి, సగం సర్క్యూట్లు దాన్ని గ్రౌండు చేయడం మరవడం వల్లే ఆగుతాయి. తర్వాత స్ఫటికం తీగలు. బ్రెడ్‌బోర్డు, పొడవాటి తీగలు తమవంతు కొన్ని పికోఫారడ్లు కలుపుతాయి. స్ఫటికానికి వేలు తగిలించినా, మీటరు ప్రోబు పెట్టినా లయ మారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కొలవాలంటే చివరి పిన్ను, అంటే 4013లోని 1వ పిన్ను దగ్గరే కొలవండి. కొనేటప్పుడు 12.5 పికోఫారడ్ లోడు ఉన్న స్ఫటికం అడగండి. 6 పికోఫారడ్‌ది పెడితే ఇదే సర్క్యూటు నెమ్మదిగా నడుస్తుంది.

ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా కంపిస్తుంది. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. 25 డిగ్రీల నుంచి ఉన్న తేడాను దాని చేతే హెచ్చించి, 0.034తో గుణిస్తే పదిలక్షల్లో ఎన్ని వంతులు తగ్గిందో వస్తుంది. రామగుండంలో ఎండాకాలం గది 40 డిగ్రీలుంటే తేడా 15, అంటే సుమారు 7.65 వంతులు, రోజుకు 0.66 సెకను వెనక. ఈ లెక్కను లోపలే సరిచేసుకునే డీఎస్3231 లాంటి ఐసీ ఏడాదికి సుమారు ఒక నిమిషం లోపే తప్పుతుంది.

చివరగా సర్దుబాటు. 4060లో 11వ పిన్ను వైపున్న 22 పికోఫారడ్‌కు బదులు 5 నుంచి 30 పికోఫారడ్ల ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చుకునే కెపాసిటర్) పెట్టండి. ఒకే గదిలో 7 రోజులు ఆపకుండా నడపండి. మొదటి రోజూ చివరి రోజూ ఒకే వేళకు ఫోను గడియారంతో పోల్చి తేడా రాసుకోండి. దాన్ని 7తో భాగించి, వచ్చినదాన్ని 0.0864తో భాగిస్తే పదిలక్షల్లో ఎన్ని వంతులో తెలుస్తుంది. వారానికి 12 సెకన్లు తప్పితే అది సుమారు 20. ముందుకు పోతుంటే కెపాసిటెన్స్ పెంచండి, వెనకబడుతుంటే తగ్గించండి. ట్రిమ్మర్‌ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో పావు వంతు కన్నా తక్కువ తిప్పి, మళ్లీ 7 రోజులు వదిలేయండి. గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాయడం మరవొద్దు.

ఇట్లు,
మీ తాతయ్య