అట్టపెట్టెతో కారును పరీక్షించకండి: అడాస్ అపోహలు - వాస్తవాలు

అడాస్, అంటే కెమెరా, రాడార్‌లతో ముందున్నదాన్ని చూసి హెచ్చరించే, అవసరమైతే తనే బ్రేక్ వేసే సిస్టమ్ ఉన్న కారు కొన్నవాళ్లలో నెలకొకరైనా నాకు వీడియో పంపుతారు. అట్టపెట్టెనో, తమ్ముణ్నో ఎదురుగా నిలబెట్టి, బ్రేక్ తొక్కకుండా కారును పోనిస్తారు. ఆగితే చప్పట్లు. మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, పెట్టెను గుద్దేసింది. కారు వెనక్కి ఇచ్చేయనా?" పెట్టె సంగతి సరే, తర్వాత ఎవర్ని నిలబెడదామనుకున్నావురా అని అడిగాను. జవాబు లేదు.

అపోహ: ఎదురుగా ఏదున్నా కారు దానంతటదే ఆగుతుంది.

ఆగదు. కెమెరాకు మేం, అంటే ఈ సిస్టమ్ మీద పనిచేసే ఇంజినీర్లం, కార్లు, బైకులు, సైకిళ్లు, మనుషులు అని కొన్ని ఆకారాలు నేర్పుతాం. అట్టపెట్టె అందులో లేదు. రాడార్‌కేమో అట్ట సరిగా ఆనదు. పైగా రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత, వంతెన ఇనుప దూలం కూడా దానికి ఆగి ఉన్న కారులా అనిపించొచ్చు. అనుమానం వచ్చిన ప్రతిసారీ బ్రేక్ వేస్తే హైవేలో వెనక వచ్చేవాడు మనల్ని గుద్దుతాడు. అందుకే గుద్దడం దాదాపు ఖాయం అనుకున్నాకే బ్రేక్ పడేలా పెడతాం. ఆ 'ఖాయం' ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికే మా ఉద్యోగంలో సగం పోతుంది. ఇంకో మాట, మీరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలా కార్లు 'డ్రైవర్‌కు తెలిసే తొక్కుతున్నాడు' అనుకుని బ్రేక్ వదిలేస్తాయి. కంగారులో కాలు ఎటు పోతుందో మీకే తెలుసు.

కార్లను పరీక్షించే ట్రాక్ మీద మేం మనుషుల్ని నిలబెట్టం. కాళ్లు ఆడించే బొమ్మ ఉంటుంది. కారుకు బదులు ఫోమ్ పలకలను వెల్‌క్రోతో అతికించిన డమ్మీ కారు. గుద్దితే ముక్కలై ఎగిరిపోతుంది, ఏరుకొచ్చి మళ్లీ అతికించాలి. ఒకరోజు పొద్దున్నుంచీ చక్కగా ఆగిన కారే సాయంత్రం ఎండ సూటిగా కెమెరాలో పడగానే డమ్మీని గుద్దేసింది. అదే వేగం, అదే రోడ్డు. పలకలు ఏరుతున్నంతసేపూ అక్కడ మనిషుంటే ఏమయ్యేదన్న ఆలోచనే.

వేగం లెక్క కూడా చూడండి. ఐక్యరాజ్యసమితి నిబంధన 152 ప్రకారం ముందున్న కారు విషయంలో ఈ బ్రేకింగ్ కనీసం గంటకు 10 నుంచి 60 కిలోమీటర్ల మధ్య పనిచేయాలి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ పడితే 60లో ఉన్న కారు ఆగడానికి దాదాపు 18 మీటర్లు, 100లో ఉంటే దాదాపు 50 మీటర్లు కావాలి. 100లో పోతూ రెండు సెకన్లు ఫోన్ చూస్తే 55 మీటర్లు దాటిపోతారు. ఈ సిస్టమ్ చాలాసార్లు చేసేది దెబ్బ తీవ్రత తగ్గించడం. అదే పెద్ద మేలు.

అపోహ: స్టీరింగ్ దానంతటదే వణికితే కారు పాడైనట్టే.

ఒక పెద్దావిడ ఈ టెన్షన్‌తో వారం రోజులు కారు తీయలేదు. ఇండికేటర్ వేయకుండా లేన్ మారితే వచ్చే హెచ్చరిక అమ్మా అది, ఇండికేటర్ వేస్తే ఊరుకుంటుంది అని చెప్పాను. భయపడి అన్నీ ఆఫ్ చేయకండి. హెచ్చరిక మరీ తొందరగా వస్తోందనిపిస్తే చాలా కార్లలో సెట్టింగ్ మార్చుకోవచ్చు.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ ఉంది, బెల్ట్ ఎందుకు?

రెప్పపాటు కన్నా వేగంగా ముఖం మీదికొచ్చే సంచి అది. బెల్ట్ పెట్టుకున్నవాడి కోసమే దాన్ని తయారు చేశారు.

అపోహ: ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే ఎక్కడైనా తక్కువ దూరంలో ఆగుతుంది.

కంకర రోడ్డు మీద ఎక్కువ దూరమే పట్టొచ్చు. బ్రేక్ తొక్కి ఉన్నా స్టీరింగ్ తిరిగేలా చూడటమే దాని అసలు పని.

అపోహ: ముందు అద్దం ఎవరితో మార్పించినా ఒకటే.

అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే మార్చాక క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిగ్గా ఉండేలా సరిచేయడం, చేయించాలి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో దాదాపు మీటరు తేడా వస్తుంది.

మా అక్క కొడుకు కారు ఆదివారం చూశాను. కెమెరాకు సరిగ్గా ఎదురుగా, అద్దం మీద అరచేయంత స్టిక్కర్. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతోంది. ఎప్పటినుంచి రా అంటే, "అది మొదట్నుంచీ ఉంది మావయ్యా, డిజైన్ అనుకున్నా" అన్నాడు.