కవరు విప్పకపోయినా పాడవుతాయి: సేఫ్టీ సామాను మీద అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు తిరిగి సేఫ్టీ సామాను తనిఖీ చేయడం నా పని. అరిగిపోయిన సామానంటే అందరికీ అనుమానమే. స్టోర్‌లో ఉండి పాడైనదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మన డెల్టా గాలిలో ఉండే తేమకి వాడినదీ వాడనిదీ తేడా తెలియదు.

అపోహ: వాడలేదంటే కొత్తదే.

ఒక ప్లాంటులో స్టోర్ కీపర్ కవరు కూడా విప్పని సేఫ్టీ షూ జత తెచ్చాడు. "నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదండీ, కొత్తవేనండీ" అన్నాడు. తొడుక్కున్న కుర్రాడు పది అడుగులు వేశాడో లేదో, మడమ దగ్గర సోలు సున్నుండలా పొడిపొడిగా రాలింది. పాపం, స్టోర్ కీపర్ మొహం చూడాలి! ఆ సోలు పాలీయురేథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్‌ది. గాలిలోని తేమ దాని అణువుల గొలుసుల్ని మెల్లగా తెంపేస్తుంది. పెట్టెలో పెట్టినా అది ఆగదు. పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేళ్ల మీది ఇనుప తొడుగూ గట్టిగానే ఉంటుంది. మోసపోయేది అక్కడే.

ఇచ్చేముందు బూటుని రెండు చేతులతో వంచి చూడండి. సోలు పక్కన గోటితో నొక్కండి. చీలిక కనిపించినా, జిగటగా తగిలినా, పొడి రాలినా పక్కన పెట్టేయండి. ముందొచ్చిన సరుకు ముందు పంచండి.

అపోహ: పనిలో పెట్టుకునే సేఫ్టీ హెల్మెట్ పగిలితేనే మార్చాలి.

ఎండే దాని మొదటి శత్రువు. బండి అద్దానికి తగిలించి రోజంతా ఎండలో వదిలేసే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. రంగు వెలిసి, పైన సుద్దలా తెల్లగా వస్తే ప్లాస్టిక్ పెళుసుబారినట్టే. రెండు పక్కలా అరచేతులతో నొక్కి వదలండి. కిరకిరమన్నా, సన్నటి గీత తేలినా పని అయిపోయింది. ముందంచు కింద గడియారంలా అచ్చుపోసిన గుర్తు ఉంటుంది చూడండి: బాణం తయారైన నెలని, మధ్యలో అంకె సంవత్సరాన్ని చెబుతాయి. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా మార్చాల్సిందే. థిన్నర్‌తో తుడవడం, పెయింట్‌తో పేర్లు రాయడం మానండి. హెల్మెట్‌లో రొయ్యలు మోసుకెళ్లినవాళ్లనీ చూశాను, అది వేరే కథ.

అపోహ: ఎత్తు మీద పనిచేసేటప్పుడు కట్టుకునే సేఫ్టీ బెల్టు మురికైతే బ్లీచింగ్ నీళ్లలో ఉతికితే చాలు.

రొయ్యల ప్లాంట్లలో క్లోరిన్ చేతికందేది కాబట్టి ఈ పని చేస్తారు. నైలాన్ పోగులు దానికి బలహీనపడతాయి. తేలికపాటి సబ్బునీళ్లతో ఉతికి నీడన ఆరబెట్టాలి. పట్టీని జానెడు మేర పట్టుకుని తలకిందులైన యు ఆకారంలో వంచితే తెగిన పోగులు బయటికి లేస్తాయి. కుట్లు, కొక్కెం తుప్పు కూడా చూడండి. రైసు మిల్లుల్లో అయితే ఎలుక కొరికిన గుర్తులు వెతకండి, నవ్వకండి. మనిషి పడినప్పుడు ఆపిన బెల్టుని మళ్లీ వాడకూడదు.

అపోహ: అమ్మోనియా గ్యాస్ నుంచి కాపాడే మాస్కు లోపల వాసన వచ్చాక, గాలిని వడకట్టే డబ్బా మారిస్తే సరి.

వాసన వచ్చిందంటే అప్పటికే గ్యాస్ పీలుస్తున్నారు. సీలు విప్పిన డబ్బా గోడకి వేలాడుతున్నా తేమ పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే విప్పిన రోజే తేదీ రాసి పెట్టాలి, కంపెనీ చెప్పిన గడువు దాటితే తీసేయాలి. తొడుక్కున్నాక డబ్బా నోటిని అరచేత్తో మూసి ఊపిరి పీల్చండి. మాస్కు మొహానికి అతుక్కుపోవాలి. అతుక్కోకపోతే ఎక్కడో సందుంది. చాలాసార్లు అది ఊపిరి వదిలే చోట ఉండే చిన్న రబ్బరు రేకు. వంకర తిరిగిపోయి ఉంటుంది. గడ్డం పెంచినవాళ్లకి కూడా గాలి పక్కనుంచి లోపలికొస్తుంది.

కరెంటు పని గ్లౌజుల సంగతి చిన్నదే. ప్రతిసారీ వేసుకునేముందు మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి బంధించి, చెంప దగ్గర పెట్టుకోండి. సుయ్యిమంటే తొడగొద్దు.

తీసేసినవాటిని చెత్తబుట్టలో వేసేముందు కత్తితో కోయండి, హెల్మెట్ అయితే పగలగొట్టండి. నేను పనికిరాదని పక్కన పెట్టించిన హెల్మెట్ వారం తిరక్కుండానే చెరువు గట్టు మీద ఒక కాపలాదారు నెత్తిన కనిపించింది. "ఎవరో పారేశారండి, బాగానే ఉందిగా" అన్నాడు.