బడి గ్రౌండులో నీళ్లు ఎటు పోవాలి, నీడ ఎటు పడాలి

ఎకరం గ్రౌండు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్ల నీళ్లు దిగినట్టే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి గుమ్మరించినంత. వరంగల్ వైపు బడులు తెరిచేది జూన్‌లో, వానలు మొదలయ్యేదీ అప్పుడే. ఆ నీళ్లకు దారి లేకపోతే సెప్టెంబరు దాకా ఆటల పీరియడంటే వరండాలో కూర్చోవడమే. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ట్యూషన్లు, ఫోన్లు పోను ఆ గంటలో పెద్ద భాగం దొరికేది బడిలోనే. కాబట్టి ఏ ఆట పెట్టాలన్నది తర్వాతి మాట, ముందు నేల సంగతి చూడాలి.

ఉత్తర తెలంగాణలో చెల్క (ఎర్రనేల), దుబ్బ (ఇసుక నేల), నల్లరేగడి పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోసారి ఒకే గ్రౌండులో సగం ఎర్రగా, సగం నల్లగా కనిపిస్తుంది. చెల్క నేలతో పెద్ద చిక్కు లేదు. రేగడిలోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి పిల్లల మడమ ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. దానిమీద రెండంగుళాల మొరం (కంకర కలిసిన గట్టి మట్టి) పరిచి రోలర్ తిప్పితే మొదటి నెల అందంగానే ఉంటుంది. వానాకాలంలో మొరం బురదలోకి దిగిపోతుంది, వేసవిలో కింది నెర్రెలు పైకి తేలతాయి. పైనుంచి అడుగు లోతు రేగడి తీసి, ఉబ్బని మొరాన్ని పొరలు పొరలుగా నింపి అణచాలి. చెరువు పూడిక మట్టి ఊరికే వస్తుంది కదా అని గ్రౌండులో పోయిస్తుంటారు. అది పొలానికి బంగారం, ఆటస్థలానికి జిగట.

చెల్క నేల మీద ఖో-ఖో కోర్టు లెక్క చూద్దాం. గీతల లోపల 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 33 బై 22. అణచిన తర్వాత పది సెంటీమీటర్ల మందం నిలవాలంటే వదులు మొరం సుమారు 95 ఘనపు మీటర్లు కావాలి. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్ ట్రాలీతో ముప్పై మూడు, ముప్పై నాలుగు ట్రిప్పులు. ఇరవై ట్రిప్పులతో సరిపెట్టిన చోట మూలలు పలచనై, మొదటి గట్టి వానకే కోతపడతాయి.

రోలర్ ఎక్కించే ముందు తేమ సరిచూడాలి. పరికరమేమీ అక్కర్లేదు. గుప్పెడు మొరం తీసి ఉండలా పిసకండి. ఉండ కట్టకపోతే ఇంకా నీళ్లు చల్లాలి. చేతికి అంటుకుని తడి మెరిస్తే ఒకరోజు ఆగాలి. ఉండ నిలిచి, నడుమెత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలుగా విడిపోతే అదే అదను. పొడి మొరం మీద ఎన్నిసార్లు రోలర్ తిప్పినా పైన చెక్కు కడుతుందే తప్ప లోపల గట్టిపడదు.

వాలు మీటరుకు ఒక సెంటీమీటరు చాలు. 22 మీటర్ల వెడల్పులో నడిమి గీత దగ్గర 11 సెంటీమీటర్లు ఎత్తు పెట్టి రెండు వైపులకూ దించాలి. కంటికి తెలియదు, నీటికి తెలుస్తుంది. మేస్త్రీల దగ్గరుండే నీళ్ల ట్యూబుతో ప్రతి ఐదు మీటర్లకూ సరిచూసుకోవచ్చు. అంచున తవ్వే కాలువ లోతుగా, నిట్టనిలువుగా ఉంటే బంతి వెనక పరుగెత్తే పిల్లల కాలు విరుగుతుంది. మూడడుగుల వెడల్పు, జానెడు లోతుతో పళ్లెంలా ఉంటే నడుస్తూనే దాటొచ్చు. దాని చివర ఇంకుడు గుంత ఉండాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది కనుక, నీళ్లు అంతకాలం నిలవకూడదు.

మట్టి, వాలు రెండూ బాగున్న గ్రౌండునూ చెడగొట్టేది టెంటు గుంజల గుంత. పెళ్లికో మీటింగుకో షామియానా వేస్తారు, గుంజలు పీకాక కాలితో మట్టి నెట్టి పోతారు. పైకి చదునుగానే ఉంటుంది. రెండు వానలు పడ్డాక ఆ వదులు మట్టి కుంగి, సరిగ్గా పిల్లల పాదమంత గుంత తయారవుతుంది. మీద గడ్డి మొలిస్తే ఇక కనపడదు. చీలమండ బెణకడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. గుంతను గడ్డపారతో కాస్త వెడల్పు చేసి, తడిపి, పది సెంటీమీటర్ల చొప్పున మొరం వేస్తూ ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టాలి. పనిలో పనిగా మేకులు, గాజుపెంకులు ఏరించాలి. ఇక్కడ చాలామంది పిల్లలు ఆడేది వట్టి కాళ్లతోనే.

గీతలకు సున్నం వాడొద్దు. తడి తగిలితే అది చర్మాన్ని, కంటిని కాలుస్తుంది. కబడ్డీలో ముఖం నేలకు తగలకుండా ఆట సాగదు. ఇంటిముందు వేసే ముగ్గుపిండి చాలు. కబడ్డీ కోర్టు మెత్తబడాలని పశువుల పేడ కలిపే అలవాటూ మానాలి, ధనుర్వాతం క్రిములు అందులో ఉండొచ్చు. మోకాలు గీరుకుపోవడం రోజువారీ సంగతి కనుక ధనుర్వాతం రాకుండా పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ టీకా పిల్లలందరికీ పడిందో లేదో పీఈటీ సార్ కూడా చూసుకోవాలి.

ఇక నీడ. కోర్టుల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలన్నది పాత నియమమే, సాయంత్రపు ఎండ కళ్లలో పడకుండా. చెట్లు ఎటు నాటాలో మాత్రం ఎక్కువమంది లెక్కేయరు. ఆగస్టులో సాయంత్రం నాలుగుంబావుకు వరంగల్‌లో సూర్యుడు దాదాపు నేరుగా పడమట, ముప్పై రెండు డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఎనిమిది మీటర్ల వేపచెట్టు నీడ అప్పుడు తూర్పుకు పన్నెండు మీటర్లు సాగుతుంది. ఆడపిల్లలు ఆడే కబడ్డీ కోర్టు వెడల్పు ఎనిమిది మీటర్లు. పడమటి గీతకు నాలుగు మీటర్ల అవతల వేపలో కానుగలో వరుసగా నాటితే, చెట్లు ఎదిగాక ఆటల పీరియడ్‌లో కోర్టంతా నీడలోనే ఉంటుంది. అవే చెట్లను తూర్పు ప్రహరీ వెంట నాటితే సాయంత్రం నీడంతా గోడ అవతలి రోడ్డుకు పోతుంది. వేప ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోపు చిగురిస్తుంది. తురాయి పూలు బాగుంటాయి కానీ, ఈదురుగాలికి కొమ్మలు విరిగిపడతాయి.

ఈ నీడ కళ్లకూ మేలు. తరగతి గదిలో వెలుతురు మూడు నుంచి ఐదు వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, పగలు చెట్టు కింద కూడా వేలల్లో ఉంటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్లు గమనించారు. 2015లో వచ్చిన ఫలితాల్లో, కొత్తగా హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనపడటం) వచ్చినవారు ఆ బడుల్లో 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. వెలుతురుకు కంటి లోపలి పొరలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందన్నది ప్రధానమైన వివరణ. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టే మన దగ్గర, నీడ లేకుండా పిల్లలను బయటికి పంపలేం. దాతలెవరైనా కృత్రిమ పచ్చిక పరిపిస్తామంటే, ఎండలో దాని వేడి 60 డిగ్రీలు దాటుతుందని గుర్తుపెట్టుకోవాలి.

స్థలం లేదనే మాట తరచూ వినిపిస్తుంది. 12 బై 8 కబడ్డీ కోర్టు 96 చదరపు మీటర్లు, గుంట భూమి (ఎకరంలో నలభయ్యో వంతు) కంటే తక్కువ. నాలుగు లేన్లతో 200 మీటర్ల ట్రాక్‌కు 88 బై 48, అంటే ఎకరం మీద రెండు గుంటలు. చాలా బడుల్లో స్థలం ఉంది, పంచడమే లేదు. పెద్ద తరగతుల మగపిల్లలు నడిమిట్ల వికెట్లు పాతితే ఎకరమంతా వాళ్లదే. అందులోనూ నిజంగా పరుగెత్తేది నలుగురైదుగురే. 1990లలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కుల్లో కనపడటం తగ్గిందని గమనించి, రెండు పార్కులను చిన్న చిన్న భాగాలుగా విడదీశారు, దారులు పెంచారు, వాలీబాల్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మన బడిలోనైతే ఖో-ఖో, కబడ్డీ కోర్టులు గేటుకు, రోడ్డుకు దూరంగా, టాయిలెట్‌కూ నల్లాకూ దగ్గరగా పెట్టడంతోనే సగం పని అవుతుంది.

వరంగల్ జిల్లా కల్లెడలో పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 విభాగంలో కాంస్యం గెలుచుకున్నారు. అది మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. అలాంటి పిల్లలకు ఒకదాని మీద ఒకటి పడిన గీతలు గందరగోళం. ఒక్కో ఆటకు ఒక్కో రంగు, వేరే చోటు ఇస్తే ఎవరికైనా తేలికే.

ఆటల పీరియడ్ ఎప్పుడూ చివరే ఎందుకన్నది ఇంకో ప్రశ్న. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్ల్స్ హిల్మన్ బృందం తొమ్మిది, పదేళ్ల పిల్లలను 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. ఆ తర్వాత వాళ్ల ఏకాగ్రత, చదివి అర్థం చేసుకోవడం మెరుగుపడ్డాయి. పాల్గొన్నది 20 మందే. అయినా లెక్కల పీరియడ్‌కు ముందు ఒక తరగతిని గ్రౌండుకు పంపి చూడటానికి ఖర్చేమీ లేదు.

గ్రౌండు ఎలా పనిచేస్తోందో తెలియాలంటే పీరియడ్ మొదలైన పదో నిమిషంలో ఒక మూల నిలబడి లెక్కపెట్టాలి. కదులుతున్నవారు ఎందరు, నిలబడ్డవారు ఎందరు, అందులో ఆడపిల్లలు ఎందరు. వారంలో మూడు రోజులు రాసుకుంటే చాలు. నిలబడ్డవాళ్లు ఎక్కడ నిలబడ్డారో కూడా గుర్తుపెట్టండి. అందరూ గోడ నీడలో ఉంటే చెట్లు కావాలి, గట్టు మీద ఉంటే వాననీటి కాలువ కావాలి, వరండా స్తంభాల వెనక ఉంటే వికెట్లు పక్కకు జరగాలి.