చిక్కుడు తీగ అప్రదక్షిణంగా చుట్టుకుంటే అరిష్టమా?

వానాకాలం మొదలైతే చాలు, మిద్దెతోటల వాళ్ల నుంచి ఇదే ఫోన్: "సార్, మా చిక్కుడు తీగ అప్రదక్షిణంగా పాకుతోంది. ఇంటికి మంచిది కాదంటున్నారు. విప్పి మళ్లీ చుట్టమంటారా?"

దయచేసి విప్పకండి. చిక్కుడు, అలసంద, శంఖుపుష్పం అన్నీ అలాగే చుట్టుకుంటాయి. పైనుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురుగా, పక్కనుంచి చూస్తే కర్ర మీద ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ కనిపిస్తాయి. ఆ దిశ విత్తనంతోనే వస్తుంది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో 9 దేశాల్లో చుట్టుతీగలను పరిశీలిస్తే 92 శాతం ఇదే దిశలో ఉన్నాయి. అరిష్టమే అయితే భూమ్మీద చిక్కుడు పందిరి వేసిన ఏ ఇల్లూ బాగుండకూడదు.

నిరుడు ఒక ఇంటికి వెళ్లాను. పెద్దావిడ చుట్టాల మాట విని తీగలన్నీ విప్పి, ప్రదక్షిణంగా చుట్టి, పురికొసతో బిగించి కట్టారు. సగం కొసలు విరిగాయి, పూగుత్తులు రాలాయి. మిగిలిన కొసలు కట్టు దాటి రెండు ఆకులు వేయగానే మళ్లీ తమ దారినే తిరిగాయి. ఆ మలుపు ఆవిడకు దగ్గరగా చూపించాను. "అయితే ఇంట్లో వాళ్లకి ఏమీ కాదుగా బాబూ?" అన్నారు. ఆ మనిషి ఎన్ని రోజులు టెన్షన్ పడ్డారో! ఏమీ కాదమ్మా అని చెప్పి, కట్లు కోసేసి వచ్చాను. ఇలాంటి భయాలు పుట్టించేవాళ్లకి ఒక తీగనైనా పెంచిన అనుభవం ఉంటే బాగుండేది.

తీగ సూర్యుడి వెంట తిరుగుతుందని కొందరంటారు. అదీ తప్పే. ఎండ ఎటున్నా చిక్కుడు కొస గాలిలో ఒకే వైపు తిరుగుతూ ఆధారం వెతుక్కుంటుంది. బీరు తయారీలో వాడే హాప్స్ తీగది దీనికి ఎదురు దిశ. వేడి రోజుల్లో దాని కొస ఒక చుట్టు తిరగడానికి సుమారు రెండు గంటలు పడుతుందని డార్విన్ 1865లోనే రాశాడు. పెండలం ఒక వైపు చుట్టుకుంటే, తీగకే దుంపలు వేలాడే దాని సోదర జాతి మరో వైపు చుట్టుకుంటుంది. రెండింటికీ ఎండ ఒకటేగా! దక్షిణార్ధగోళంలోని మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు, అక్కడ దిశ మారుతుందా అని అడుగుతుంటారు. మారదు.

కాకర, బీర సంగతి వేరు. వాటి కాండం చుట్టుకోదు, నులితీగలే పట్టుకుంటాయి. ఒకే నులితీగ సగం ఒక వైపు, సగం రెండో వైపు మెలితిరిగితే తెగులు అనుకోకండి. రెండు కొసలూ బిగిశాక మధ్యలో మెలిక పడాలంటే అలా తిరగక తప్పదు. గాలికి స్ప్రింగులా సాగి తీగను కాపాడేది అదే. మనీప్లాంట్ అసలు చుట్టుకోదు, వేళ్లతో అంటుకుంటుంది.

గాలికి చిక్కుడు తీగ జారితే, ఎడమ కింద నుంచి కుడి పైకి కర్రకు ఆనించి, పాత చీర పేలికతో వదులుగా ఒక్క ముడి వేయండి. లేత కొసను మాత్రం ముట్టుకోకండి.