గొర్రెకూ మనిషికీ మధ్య కుక్క

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి రైలెక్కి, చెన్నై సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రికి వెళ్లడం మనవాళ్లకు తరతరాల అలవాటు. అలా విడవని దగ్గుతో వచ్చినవాళ్లలో కొందరికి, క్షయ అనుకున్నది కాస్తా హైడాటిడ్ తిత్తి, అంటే బద్దెపురుగు పిల్లలుండే నీటిబుడగ, అని తేలుతుంది. అరుదైన జబ్బే. కానీ మన దేశంలో ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయి.

గొర్రెల్ని ముట్టుకుంటే ఇది రాదు. మధ్యలో కుక్క ఉండాలి. గొర్రెను కోసినప్పుడు కాలేయం మీదో ఊపిరితిత్తుల్లోనో తెల్లటి నీటిబుడగలు కనిపిస్తే, ఆ ముక్క అమ్ముడుపోదని కోసి, కాచుక్కూర్చున్న కుక్కకు విసిరేస్తారు. జబ్బు సాగేది అక్కడి నుంచే. బుడగలోని పురుగు పిల్లలు కుక్క పేగుల్లో మిల్లీమీటర్ల పొడవుండే బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి గడ్డికి, ఆకుకూరలకు, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. గడ్డితో పాటు గొర్రె, కడగని చేతులతో మనిషి వాటిని మింగుతారు. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగుల్లో కాలేయం దాటినవి ఊపిరితిత్తుల్లో చేరి, ఆ మెత్తదనంలో తిత్తులై ఏళ్ల తరబడి నొప్పి తెలియకుండా పెరుగుతాయి. తిత్తి పగిలితే దగ్గులో ఉప్పునీళ్లు, ద్రాక్షతొక్కల్లాంటి పొరలు పడతాయి. ఒక్కోసారి అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది.

నీటితో నిండిన కాలేయం గురించి ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ నాటికే తెలుసు. కారణం మాత్రం 1853లో బయటపడింది. జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ సీబోల్డ్ గొర్రెల తిత్తుల్ని కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో బద్దెపురుగులు పెరగడం చూపించాడు. పదేళ్లకు డెన్మార్క్ శాస్త్రవేత్త హారల్డ్ క్రాబె ఐస్‌లాండ్ వెళ్లాడు. అక్కడ ఈ జబ్బు ఊరూరా ఉండేది. కోసిన గొర్రె వ్యర్థాలు కుక్కల నోట పడనివ్వొద్దని ఆయన జనానికి అర్థమయ్యేలా రాశాడు. 1869లో కుక్కలపై చట్టమూ వచ్చింది. తర్వాతి తరాలకు అక్కడ జబ్బే లేకుండా పోయింది. న్యూజిలాండ్ కూడా 2002లో బయటపడ్డట్టు ప్రకటించుకుంది. ఆ పని మందులతోనే అయింది కాదు, కబేళా దగ్గర పట్టుదలతో అయింది.

మద్రాసులో 1903 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 1928 నుంచి తాంబరంలో ఛాతీ ఆస్పత్రి ఉంది. తిత్తిని ఆపరేషన్‌తో తీస్తారు, అవసరాన్ని బట్టి పురుగుల మందు ఆల్బెండజోల్ ఇస్తారు. కుక్కలకు బద్దెపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ ఉంది, గొర్రెలకు టీకా కూడా కనిపెట్టారు. ఇన్ని ఉండగా, ఛాతీ కోసేదాకా మనిషిని రానివ్వడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కబేళాల్లో పశువైద్యుల తనిఖీ ఉంటుంది. జాతరలోనో, రోడ్డు పక్కనో కోసే గొర్రె దగ్గర ఉండేది కత్తి పట్టిన మనిషీ, కుక్కలే. ఆ తిత్తుల ముక్కను కుక్కకు వేయకుండా తగలబెట్టాలనో, లోతుగా పూడ్చాలనో ముందుగా చెప్పాల్సింది అతనికే.