కీళ్ళవాతానికి ఇమ్యూనిటీ పెంచుతారా?

"ఒంట్లో సత్తువ లేకే గదా బాబూ, కీళ్ళు పట్టీసినాయి" అంటూ పలాస వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా టేబుల్ మీద ఇమ్యూనిటీ పౌడర్ డబ్బా పెట్టింది. జీడిపప్పు పొట్టు తీసే చేతులు. కణుపులు ఉబ్బిపోయి ఉంగరం కదలడం లేదు. కీళ్ళవాతానికి వేసుకునే మందు మెథోట్రెక్సేట్ మానేసి మూడు నెలలట. శ్రీకాకుళంలో ఈ మాట వినని వారం ఉండదు నాకు.

అపోహ: రోగనిరోధక శక్తి (ఇమ్యూనిటీ) తగ్గి రుమటాయిడ్ కీళ్ళవాతం వస్తుంది, పెంచితే పోతుంది.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. ఒకప్పుడు రెండేళ్ళు ఎలుకల ల్యాబ్‌లో పనిచేశాను. చిట్టెలుకకి కీళ్ళవాతం తెప్పించాలంటే కీళ్ళ మృదులాస్థిలో ఉండే టైప్ 2 కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను, చంపిన క్షయ బ్యాక్టీరియా ఉన్న నూనెలో చిలికి తోక మొదట్లో ఇంజక్షన్ ఇస్తాం. ఆ నూనె పనల్లా ఇమ్యూనిటీని రెచ్చగొట్టడమే. 21వ రోజు ఇంకో డోసు. తర్వాత ఒకరోజు పొద్దున్నే బోను తీస్తే పాదం ఎర్రగా పొంగి ఉంటుంది, కొలవబోతే కాలు లాక్కుంటుంది. ఆ పని నాకెప్పుడూ నచ్చలేదు. రోగం తెప్పించడానికి మేం వాడిందే ఇమ్యూనిటీ బూస్టర్, మీరు దాన్ని డబ్బులిచ్చి కొంటున్నారు!

ఆ వాపుని నడిపేవి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు. వాటిలో ఒకటైన టీఎన్‌ఎఫ్ పెరిగితే కీలుపొర ఉబ్బుతుంది, ఎముకను తినే కణాలు లేస్తాయి. 1992లో లండన్‌లో శాస్త్రవేత్తలు ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ బృందం టీఎన్‌ఎఫ్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే, వాపు మొదలైపోయిన ఎలుకల్లో కూడా తగ్గింది. టీఎన్‌ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజక్షన్ ఆ దారిలో వచ్చిందే.

ఇమ్యూనిటీని తగ్గించే మందంటే భయం ఉంటుంది, తప్పులేదు. అందుకే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. రోజూ మింగితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

సైటోకైన్లన్నీ చెడ్డవా? కాదు. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ పనిచేయని ఎలుకల్లో ఈ వాతం ఇంకా ముదిరింది. టీఎన్‌ఎఫ్ కూడా క్షయను అణచి ఉంచుతుంది, ఆ ఇంజక్షన్లకు ముందు ఛాతీ ఎక్స్‌రే అందుకే. ఎలుకకు పనిచేసిందల్లా మనకూ చేస్తుందా? ఇంటర్‌ల్యూకిన్-1 అనే ఇంకో సైటోకైన్‌ను ఆపితే ఎలుకకు బాగా గుణం, రుమటాయిడ్ ఉన్న మనిషికి అంతంతే. వంకాయ మానాలా? తినండమ్మా.

పలాస ఆవిడ మందు మళ్ళీ మొదలెట్టి నాలుగో నెలలో వచ్చింది. ఉంగరం తిప్పి చూపించింది. డబ్బా ఏం చేశావంటే, "కందిపప్పు పోసుకున్నాను బాబూ, మూత గట్టిది" అంది.