మాట్లాడే చేపకు లేని అభ్యంతరం

మా అన్నయ్య కూతురికి ఐదేళ్ళు. సెలవులకు వచ్చినప్పుడు ఓ రాత్రి దానికి అన్నం తినిపిస్తూ ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు అన్నానో లేదో, ఆపేసింది.

"అది అబద్ధం బాబాయ్. రాజుగారింట్లో పనివాళ్ళుంటారు కదా, వాళ్ళెందుకు ఎండబెడతారు?"

సరే, పనివాళ్ళే ఎండబెట్టారని సర్దేశాను. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అని అడిగితే, గడ్డిమోపు అడ్డమొచ్చిందని చేప జవాబిచ్చింది. ఇక్కడ మాత్రం పిల్ల కిమ్మనలేదు. ముద్ద మింగి "తర్వాత?" అంది.

పసిపిల్లలకు ఊహకూ నిజానికీ తేడా తెలియదని మనం తేలిగ్గా అనేస్తుంటాం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ వెల్మన్, డేవిడ్ ఎస్టెస్ ఈ సంగతేమిటో తేల్చడానికి మూడేళ్ళ పిల్లల్నే అడిగారు. ఒకడి దగ్గర బిస్కెట్ ఉంది, ఇంకొకడు బిస్కెట్ గురించి ఆలోచిస్తున్నాడు. ఏ బిస్కెట్‌ను ముట్టుకోవచ్చు? ఏది పక్కవాడికి కూడా కనిపిస్తుంది? మూడేళ్ళవాళ్ళు కూడా చాలావరకు సరిగ్గానే చెప్పారు. 1986లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అయితే తెలిసినంత మాత్రాన భయం పోదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ హారిస్ బృందం నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు ఖాళీ పెట్టెలు చూపించి, ఒక దాంట్లో కుందేలో రాక్షసో ఉన్నట్టు ఊహించుకోమంది. నిజంగా లేదని పిల్లలకు తెలుసు, అడిగితే అదే చెప్పారు. తీరా పెద్దవాళ్ళు గది దాటి వెళ్ళాక, కొందరు మెల్లగా వెళ్ళి పెట్టె ముట్టుకుని చూశారు, తెరిచారు. రాక్షసుణ్ణి ఊహించుకున్న చిన్నవాళ్ళలో కొందరైతే అసలు ఒంటరిగా ఉండనే ఉండం అన్నారు. అన్నం తినకపోతే బూచాడొస్తాడని బెదిరించి, రాత్రి పిల్లాడు లైటు ఆర్పనివ్వకపోతే "బూచాడూ లేడు, గీచాడూ లేడు, పడుకో" అని కసిరే ఇళ్ళలో ఈ ప్రయోగం రోజూ జరుగుతూనే ఉంటుంది. (మా ఇంట్లోనూ జరిగింది.)

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆండ్రూ ష్టల్‌మన్, సూజన్ కేరీ 2007లో ప్రచురించిన అధ్యయనం. మంచం కింద మొసలి కనిపించడం, ఉల్లిపాయ రసం తాగడం లాంటివి జరుగుతాయా అని వాళ్ళు నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగారు. ఇవి అరుదేగానీ అసాధ్యం కావు. చిన్నపిల్లలు మాత్రం వీటిలో చాలావాటిని "జరగవు" అని కొట్టిపారేశారు. వయసు పెరిగేకొద్దీ "జరగొచ్చు" అనే జవాబులు పెరిగాయి. అంటే పసివాళ్ళు ఏది చెప్పినా నమ్మేసే రకం కాదు. వాళ్ళ అనుమానం ఒక్కోసారి మన అనుమానం కన్నా పెద్దది. ఎలా జరుగుతుందో తమ ఊహకు అందకపోతే చాలు, అది జరగనిదే.

మా పిల్ల రాకుమారుల దగ్గర ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. "నిజమా, అబద్ధమా" అని అడిగితే ఉన్నవి రెండే గదులు, రాకుమారుడు చేపలు ఎండబెట్టడం వాటిలో దేంట్లోనూ పట్టదు. అసలు ఆ 'అబద్ధం' అన్న మాటే నాకు నచ్చదు, కథ చెప్పేవాడేదో తప్పు చేసినట్టుంటుంది. "రోజూ జరిగేదా? ఎప్పుడో గానీ జరగనిదా? ఎప్పటికీ జరగనిదా?" అని అడిగితే మధ్యలో మూడో గది తెరుచుకుంటుంది. దాంతోపాటు "నీకెలా తెలుసు?" అని ఇంకో ముక్క కలపాలి. కథ మధ్యలో కాదు, అయ్యాక. మధ్యలో అడిగితే కథా చెడుతుంది, అన్నమూ చల్లారుతుంది.

మాట్లాడే జంతువుల కథలు మానేయాలని కూడా కాదు. కాకపోతే 2014లో టొరంటోలో పాట్రీషియా గనియా బృందం చూసిన సంగతి ఒకటుంది. పిల్లలకు తెలియని జంతువుల గురించి, అవి మనుషుల్లా మాట్లాడుతూ ఆలోచిస్తున్నట్టు రాసిన పుస్తకం చదివి వినిపిస్తే, అసలు జంతువులకూ మనిషి గుణాలు అంటగట్టడం పెరిగింది. కాబట్టి చేప ఎలా ఊపిరి తీసుకుంటుందో చెప్పాలంటే చేప చేతే చెప్పించక్కర్లేదు.

మర్నాడు మేమిద్దరం ఏడు చేపల కథను ముక్కముక్కగా విప్పాం. నీడ పడితే చేప ఎండకపోవడం: రోజూ జరిగేదే, తడిబట్ట ఆరేసి చూద్దామంది. ఆవు మేయకపోతే గడ్డి మిగలడం: అదీ అంతే. చీమ కుట్టడం: మోచేతి మీద దద్దురు చూపించింది. మనుషులకు జవాబులు చెప్పే చేప: "ఎప్పటికీ జరగదు, నాకు రాత్రే తెలుసు." రాకుమారులను మధ్య గదిలోకి పంపింది. వాళ్ళ నాన్న ఒకసారి వంట చేశాడట, అలాంటిదే ఇదీనట.

ఆఖరికి బంగారు పుట్ట దగ్గరికొచ్చాం. "బంగారంతో కట్టవమ్మా, చీమలు మట్టితోనే కడతాయి. మన పొలం గట్టు మీద నీకంటే ఎత్తున్న పుట్ట చూడలా, అలాగన్నమాట" అన్నాను. దాన్ని వెంటనే 'రోజూ జరిగేదే' గదిలో పెట్టేసింది. అలాంటి పెద్ద పుట్టలు కట్టేది చీమలు కాదు, చెదపురుగులని నాకు గుర్తొచ్చేసరికి వాళ్ళు ఊరికి బయల్దేరి వెళ్ళిపోయారు. ఫోన్ చేసి చెబితే, "నీకెలా తెలుసు?" అంది.